అడవి కుందేలు, ఇతర వేట మాంసం ఇంట్లో వండడం ఎలా?

మొదటిసారి అడవి కుందేలును వండేవారిలో చాలామంది దాన్ని కోడి మాంసంలా భావించి ముప్పావుగంటలో పొయ్యి మీదనుంచి దింపేస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. మసాలా బాగానే పట్టింది, పులుసూ రుచిగానే ఉంది, కానీ తొడ ముక్క పంటికి తాడులా సాగిందే తప్ప ఎముకనుంచి ఊడిరాలేదు. అడవి కుందేలు బతికినంతకాలం పరుగు మీదే ఉంటుంది. ఆ పరుగుకు కావలసిన ప్రాణవాయువును నిలవ ఉంచే మయోగ్లోబిన్ కండరాల్లో ఎక్కువగా ఉండడం వల్ల దాని మాంసం ముదురు ఎరుపుగా కనిపిస్తుంది, పెంపుడు కుందేలు మాంసం మాత్రం తెల్లగా ఉంటుంది. కండను ఎముకకు పట్టి ఉంచే కొల్లాజెన్ కూడా బాగా పనిచేసే కాళ్లలో గట్టిపడి ఉంటుంది, కొవ్వేమో దాదాపు ఉండదు. అందువల్ల వేట మాంసం వండేటప్పుడు గట్టి భాగాలకు కావలసినంత సమయం ఇవ్వడం, లోపించిన కొవ్వును మనం చేర్చడం అన్నింటికన్నా ముఖ్యం. మసాలాల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

మాంసం ఎంచుకోవడం

చట్టం అనుమతించిన చోట, అనుమతించిన రుతువులో, లైసెన్సు ఉన్నవారు వేటాడిన జంతువునే వంటింట్లోకి తేవాలి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి కుందేలు, జింక వంటి జంతువుల వేటను నిషేధిస్తుంది కాబట్టి, ఇక్కడ చెప్పే పద్ధతి వేటకు అనుమతి ఉన్న దేశాల్లో నివసించేవారికీ, చట్టబద్ధంగా అమ్మే పెంపకపు మాంసం కొనేవారికీ మాత్రమే.

కుందేలు లేతదో ముదురుదో ముందే తెలుసుకుంటే వంట సగం తేలిక అవుతుంది. లేత కుందేలు చెవి పలుచగా ఉండి, అంచు పట్టుకుని లాగితే సులువుగా చిరుగుతుంది. ముదిరిన దాని చెవులు బిరుసుగా, పళ్లు పసుపుపచ్చగా, గోళ్లు మొద్దుబారి ఉంటాయి. చర్మం తీసిన మాంసమే దొరికితే కీళ్లను వంచి చూడండి. లేతదైతే తేలికగా వంగుతాయి. కవురు వాసన కొంత సహజమే, కానీ కుళ్లు వాసన గానీ, పచ్చటి జిగురు గానీ కనిపిస్తే ఆ మాంసాన్ని వండకూడదు.

శుభ్రం చేయడం

చర్మం ఒలిచే పని మీదే అయితే రబ్బరు తొడుగులు లేకుండా మొదలుపెట్టవద్దు. అడవి కుందేళ్లకు టులరీమియా అనే బాక్టీరియా జబ్బు రావచ్చు, అది చేతిమీది చిన్న గాటు ద్వారా కూడా మనిషికి సోకుతుంది. కార్జం మీద గింజల్లాంటి తెల్లని మచ్చలు కనిపిస్తే మాంసాన్ని మొత్తంగా వదులుకోవడమే మంచిది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించినంత మాత్రాన ఆ బాక్టీరియా చావదని గుర్తుంచుకోండి. బాగా ఉడికించడం ఒక్కటే దానికి మందు. కత్తినీ, పలకనూ వేడి సబ్బునీటితో కడిగిన తరువాతే వాటి మీద మరో పదార్థం తరగాలి.

తుపాకీ గుళ్లతో వేటాడిన జంతువైతే గుళ్లు వెతకడానికి ఓపిక కావాలి. ముక్కను మంచి వెలుతురులో పెట్టి వేలికొసలతో నెమ్మదిగా నొక్కుతూ పోతే, ఎక్కడ నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంటుందో అక్కడ ఒక సన్నని రంధ్రం, దాని లోపల గుండు తనతో తోసుకుపోయిన వెంట్రుకల చిన్న పోచ కనిపిస్తాయి. ఆ పోచను పట్టకారుతో లాగితే గుండు కూడా చాలాసార్లు దాని వెంటే వస్తుంది. దెబ్బ తగిలిన చోట చుట్టూ ఉన్న మాంసాన్ని ధారాళంగా కోసి పారేయండి. సీసపు గుండు చిట్లినప్పుడు కంటికి కనిపించని తునకలు చుట్టుపక్కలకు చెదురుతాయి. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది కాబట్టి, సీసపు గుళ్లతో కొట్టిన మాంసాన్ని పిల్లలకూ గర్భిణులకూ పెట్టకపోవడమే నా సలహా.

తరువాత కండను కప్పి ఉండే వెండి రంగు పొరను తీయాలి. ఇది ఎంతసేపు ఉడికినా కరగదు, పైగా వేడికి ముడుచుకుని ముక్కను వంకర చేస్తుంది. సన్నని కత్తిమొనను పొర కిందికి దూర్చి, కొంచెం విడదీసి, ఆ కొసను ఒక చేత్తో బిగించి పట్టుకుని, కత్తి పదునును పొరవైపు కాస్త పైకి వంచి ముందుకు జరిపితే, మాంసం వృథా కాకుండా పొర ఒకే పట్టీలా ఊడివస్తుంది. వెన్ను మీద ఇలాంటివి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎంత తొందరలో ఉన్నా ఈ పని మానకండి.

ముక్కలు చేసి నానబెట్టడం

వెనుక తొడలు, ముందు కాళ్లు, నడుము, పక్కటెముకలు వేరుచేయండి. కీలు ఎక్కడుందో వేలితో తడిమి, అక్కడే కత్తి దింపాలి. ఎముక మీద కొడితే సన్నని ముళ్లలాంటి తునకలు కూరలో కలిసి తినేటప్పుడు గుచ్చుకుంటాయి.

కవురు తగ్గడానికి ముక్కలను మజ్జిగలో గానీ, నీళ్లు కలిపిన వెనిగర్‌లో గానీ 12 నుంచి 24 గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టవచ్చు. అయితే నానబెట్టడం వల్ల ముదురు మాంసం లేతపడుతుందనే నమ్మకం సరైనది కాదు. పులుపు ముక్క లోపలికి కొన్ని మిల్లీమీటర్లకు మించి పోదు, రెండు మూడు రోజులు ఉంచితే పైభాగం పిండిపిండిగా మారుతుంది. నానిన ముక్కలను బాగా తుడిచి ఆరబెట్టాలి, తడిగా ఉంటే బాణలిలో వేగవు.

సన్నని సెగమీద ఉడికించడం

రెండు కిలోల అడవి కుందేలు ముక్కలకు 100 గ్రాముల కొవ్వో నెయ్యో, రెండు పెద్ద ఉల్లిపాయలు, ఒక క్యారెట్, ఆరు వెల్లుల్లి రెబ్బలు, పది పన్నెండు మిరియాలు, నాలుగు లవంగాలు, రెండు బిరియానీ ఆకులు, నాలుగు చిన్న చెంచాల ఉప్పు సరిపోతాయి. మందపాటి అడుగున్న గిన్నెలో కొవ్వు కాచి, ముక్కలను ఒకదానికొకటి తగలకుండా కొద్దికొద్దిగా వేసి అన్ని వైపులా ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి తీయండి. అదే కొవ్వులో ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ మెత్తబడ్డాక కొంచెం వెనిగర్ పోసి, అడుగున అంటిన ముద్దను గరిటెతో గీకి కలపండి. పులుసు రుచి సగం అందులోనే ఉంటుంది. ఇప్పుడు తొడలు, ముందు కాళ్లు, పక్కటెముకలు వేసి, మసాలాలు, ఉప్పు కలిపి, ముక్కలు ముప్పాతిక మునిగేలా వేడినీళ్లు గానీ ఎముకల రసం గానీ పోసి మూతపెట్టండి.

ఇక్కడినుంచి సెగ మీదే దృష్టి ఉండాలి. నీరు తెర్లకూడదు, అక్కడక్కడ ఒక్కొక్క బుడగ మాత్రమే పైకి రావాలి. కొల్లాజెన్ 70 డిగ్రీల సెల్సియస్ దాటాక నెమ్మదిగా జెలటిన్ అనే మెత్తని జిగురుగా మారుతుంది, ఆ మార్పుకు గంటలు పడుతుంది. తెర్లించి తొందరపెడితే కండ ముందే రసం వదిలేసి పీచులు పీచులుగా విడిపోతుంది. లేత కుందేలుకు రెండు గంటలు, ముదురుదానికి మూడు నుంచి నాలుగు గంటలు పట్టవచ్చు. ఓవెన్‌లో అయితే 150 డిగ్రీల వద్ద మూత పెట్టి ఉంచండి. గడియారాన్ని నమ్మకుండా, తొడ ఎముకను వేలికొసలతో పట్టి తిప్పి చూడండి. కండ దానంతట అది జారితే వంట అయినట్టే. ప్రెషర్ కుక్కర్‌లో 40 నిమిషాల్లో మెత్తబడుతుంది గానీ, మధ్యలో చూసి ఆపే వీలు లేనందువల్ల ఒక్కొక్కసారి ముక్క చెదిరిపోతుంది. సమయం ఉన్నవారికి నేను గిన్నెనే సూచిస్తాను.

నడుము ముక్కను మిగతావాటితో కలిపి మొదటినుంచీ ఉడికించడం పెద్ద తప్పు. అందులో కొల్లాజెన్ తక్కువ, అంతసేపు ఉడికితే ఎండిపోతుంది. దాన్ని చివరి ముప్పావుగంటలో వేయండి, లేదా పైన కొవ్వు పలకలు చుట్టి విడిగా వేయించి, కొవ్వును పోస్తూ ఉండండి. లోపల గులాబీ రంగులో వదిలి వడ్డించేవారున్నారు గానీ, టులరీమియా ఉందన్న ఎరుకతో వండేవారు మధ్యభాగం 71 డిగ్రీలకు చేరేదాకా ఆగాలి. మాంసం థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఈ ఊహాగానం తప్పుతుంది.

పులుసు చిక్కబడాలంటే ముక్కలు తీసి, రసాన్ని వడకట్టి, సగం అయ్యేదాకా మరిగించడమే మంచి మార్గం. కుందేలు నెత్తురుతో చిక్కబరిచే పాత పద్ధతి ఉంది, కానీ నెత్తురు మరిగితే విరిగిపోతుంది. ఇంటి వంటకు నెయ్యిలో వేయించిన రెండు చెంచాల పిండి చాలు.

ఇతర వేట మాంసాలు

జింక మాంసానికి ఇదే పద్ధతి వర్తిస్తుంది. తేడా అంతా దాని కొవ్వులో ఉంది. అది చల్లారగానే మైనంలా పేరుకుని అంగిలికి అంటుకుంటుంది కాబట్టి, దాన్ని కోసేసి వేరే కొవ్వు వాడి, వేడివేడిగా వడ్డించాలి. అడవి పందిలో ట్రికినెల్లా అనే పురుగు ఉండే ప్రమాదం ఉంది. కొన్ని రకాలు గడ్డకట్టించినా చావవు, అందువల్ల 71 డిగ్రీలకు తక్కువగా ఎప్పుడూ దింపకూడదు. అడవి బాతులూ కౌజులూ వంటి పక్షుల రొమ్ము త్వరగా ఎండిపోతుంది, కాళ్లు మాత్రం మొండిగా ఉంటాయి. రెంటినీ వేరుచేసి వండి, 74 డిగ్రీలు చేరాక తీయండి. చేపలు తిన్న బాతుకు నీచు వాసన చర్మం కింది కొవ్వులోనే ఉంటుంది, చర్మం తీసేస్తే చాలావరకు పోతుంది.

మిగిలిన కూరను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి జెలటిన్ గడ్డకట్టి కూర జున్నులా కదలకుండా ఉంటుంది, దానికి నీళ్లు కలపకుండా సన్నని సెగమీద కరగనిచ్చి, పొగలు వచ్చేదాకా పూర్తిగా వేడిచేసి వడ్డించండి. మొదటిరోజు కన్నా మసాలా అప్పుడే ముక్కకు బాగా పట్టి ఉంటుంది.