మబ్బు పట్టినప్పుడు మెట్టపొలంలో ఉన్నారా?

ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మా అనంతపురం. మబ్బు కమ్మితే ఇక్కడ జనం ఇంట్లోకి పోరు, వాకిట్లోకి వస్తారు. ఆ ఆనందం నాకూ తెలుసు. కానీ మే, జూన్ నెలల్లోనూ, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ మధ్యాహ్నం దాటాక లేచే మబ్బుల్లో పిడుగులు ఎక్కువ. వాన పలకరించే ముందే మనం కదలాలి.

మూడు గంటల వేళ ఎండ ఉక్కగా మారుతుంది, చెట్టు మీద ఆకు కదలదు. కాసేపటికి ఎర్రదుమ్ము లేపుకుంటూ ఒక్కసారిగా చల్లగాలి తగులుతుంది. అప్పటికే మబ్బు దగ్గరికి వచ్చేసినట్టు. మెరిసిన క్షణం నుంచి ఉరుము వినిపించే దాకా లెక్కపెడితే, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపు ఉరిమిందంటే పిడుగు మీ దాకా రాగలదు. చినుకు పడలేదు కదా అని ఆగవద్దు, పొడి నేల మీద కూడా పిడుగు పడుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్ ఫోనులో ఉంటే, చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది చెట్టు. మా మెట్టపొలాల్లో కనుచూపు మేరలో ఒక్క వేపో, ఒక్క చింతో ఉంటుంది. గొర్రెల కాపరి గొంగడి కప్పుకుని పరుగెత్తేది దాని కిందికే, మంద కూడా అక్కడే ముద్దగా చేరుతుంది. పిడుగు ఎత్తైనదాన్ని వెతుక్కుంటుంది. మాను మీద పడ్డ విద్యుత్తు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేళ్ళ చుట్టూ నేలలోనూ పాకుతుంది. పశువు ముందుకాళ్ళకు, వెనుకకాళ్ళకు మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఆ విద్యుత్తు దాని గుండె మీదుగా పోతుంది. ఒక్క పిడుగుకు మంద మొత్తం పడిపోవడానికి కారణం ఇదే. మంద చెదిరినా ఫరవాలేదు, చెట్టు కిందికి మాత్రం పోవద్దు.

పక్కా ఇల్లు, లేదా అద్దాలు ఎత్తిన కారు, బస్సు ఉంటే వాటిలోకి వెళ్ళండి. ట్రాక్టరు, మోటారు సైకిలు, గోడలు లేని రేకుల షెడ్డు ఆసరా కావు. ఏదీ లేకపోతే చేతిలోని పార, గొడుగు వదిలేసి, రెండు పాదాలు దగ్గరగా ఆనించి, గొంతుక్కూర్చుని తల వంచండి, చెవులు మూసుకోండి. నేల మీద పడుకోవద్దు. నలుగురుంటే ఒకచోట చేరకుండా ఎడంగా ఉండండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పనిలోకి దిగవద్దు.

మోటారు ఆపాలని బోరుబావి స్టార్టరు దగ్గరికి ఆ సమయంలో పరుగెత్తడం ఒక అలవాటు. దయచేసి మానండి. మోటారు కాలితే మళ్ళీ చుట్టించుకోవచ్చు. ఫోను జేబులో ఉంటే ప్రమాదం లేదు, చార్జింగులో పెట్టి మాట్లాడటమే ప్రమాదం.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో విద్యుత్తు మిగలదు, భయం లేకుండా తాకవచ్చు. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కుతూ ఉండండి, పక్కవాళ్ళను 108కి ఫోను చేయమనండి.

వాన వెలిశాక వంకల సంగతి. ఏళ్ళ తరబడి ఇసుక తప్ప ఏమీ కనిపించని వంక, పైన ఎక్కడో కురిసిన వానకు గంటలో పొంగుతుంది. 2021 నవంబరులో చిత్రావతి నదిలో ఒక కారు చిక్కుకుంది, కాపాడటానికి వెళ్ళిన జేసీబీ కూడా చిక్కుకుంది. చివరికి వాయుసేన హెలికాప్టరు వచ్చి 10 మందిని పైకి లాగింది. కాజ్‌వే మీద నీళ్ళు మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కింద రోడ్డు కొట్టుకుపోయిందో లేదో పైనుంచి తెలియదు. ఇవతలి ఊళ్ళోనే ఎవరి అరుగు మీదైనా కూర్చోండి, ఇంటికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పండి.