జేజి నలుగు పాట పీఎస్4లో వినాలంటే

2004లో కడపలో మా మేనత్త పెళ్లి జరిగింది. స్టూడియో వాళ్లు ఇచ్చిన డీవీడీలో నలుగు పెట్టే ఘట్టం మొత్తానికీ సినిమా పాట వేసేశారు. జేజి పాడిన నలుగు పాట ఒక్క ముక్క కూడా వినపడదు. జేజి ఇప్పుడు లేదు. చిన్నాయన అప్పట్లోనే డబ్బులు కట్టి అసలు క్యాసెట్లు, ఆరు మినీడీవీలు (చిన్న డిజిటల్ వీడియో టేపులు), ఇంటికి తెచ్చి పెట్టబట్టి ఆ గొంతు మాకు దక్కింది. మీ ఇంట్లో కూడా ఎడిట్ చేసిన డీవీడీ, అసలు క్యాసెట్ రెండూ ఉంటే క్యాసెట్ నుంచే మొదలుపెట్టండి. ఆ వీడియోను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇంటి రూటర్ మీదుగా పీఎస్4కు, అంటే టీవీకి తగిలించిన ప్లేస్టేషన్ 4 గేమ్ పెట్టెకు, పంపి ఎలా చూడాలో చెబుతాను.

కెమెరా నుంచి ఫైర్‌వైర్ కేబుల్‌తో దించుకుంటే టేపులో ఉన్నది ఉన్నట్టే వస్తుంది. గంటకు దాదాపు 13 జీబీ. పీఎస్4 మీడియా ప్లేయర్‌కు కావాల్సింది మాత్రం ఎంపీ4 లేదా ఎంకేవీ ఫైలు, అందులో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో (బొమ్మను, శబ్దాన్ని కుదించి దాచే పద్ధతులు). ల్యాప్‌టాప్ నుంచి పీఎస్4కు వీడియో పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్ చూసేటప్పుడే మార్చి పంపగలదు కానీ, మా పాత ల్యాప్‌టాప్ మే నెల ఎండల్లో ఆ పని చేయలేక ఆగి ఆగి ఆడించింది. ముందే ఒకసారి మార్చి పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

మార్చడానికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. అందులో ‘ఫాస్ట్ 576p25’ ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉన్న సెట్టింగ్) ఎంచుకోండి. మన దగ్గర పాత కెమెరాలు పాల్ (PAL) అనే టీవీ పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు. క్వాలిటీ దగ్గర ఆర్‌ఎఫ్ అనే అంకె 18 పెట్టాను. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు సైజు రెండూ పెరుగుతాయి. మా క్యాసెట్లు ఒక్కోటి ఒకటిన్నర, రెండు జీబీల మధ్య వచ్చాయి. 1080కి సాగదీయకండి, లేని వివరం ఎక్కడి నుంచీ రాదు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఫిల్టర్ల దగ్గర. నేను మొదటిసారి డీఇంటర్‌లేస్ (గీతల్ని తీసేసే ఫిల్టర్) ఆపేసి మార్చాను. జేజి చెయ్యి ఊపిన ప్రతిసారీ గాజుల అంచుల్లో దువ్వెన పళ్ల మాదిరి గీతలు లేచాయి. పాత కెమెరా ఒక ఫ్రేమును రెండు సగాలుగా, ఒక వరుస విడిచి ఒక వరుస తీస్తుంది. కదిలే వస్తువు ఆ రెండు సగాల్లో రెండు చోట్ల ఉంటుంది, అందుకే ఆ గీతలు. డీఇంటర్‌లేస్ కింద డీకోంబ్ గానీ యాడిఫ్ గానీ ఆన్ చేస్తే పోతాయి.

మనుషులు సన్నగానో లావుగానో కనిపిస్తే కొలతల దగ్గర అనమార్ఫిక్ (ఆడించేటప్పుడు బొమ్మను సాగదీసే సెట్టింగ్), క్రాప్ (అంచులు కత్తిరించేది) రెండూ ఆపేసి 768 వెడల్పు, 576 ఎత్తు పెట్టండి. 4:3 బొమ్మకు అదే సరైన లెక్క.

ఇంకొకటి, పాట ఎడమ స్పీకర్‌లోంచి మాత్రమే వచ్చింది. కెమెరామన్ పెట్టిన మైకు ఒక్క ఛానల్‌లోనే రికార్డయింది. హ్యాండ్‌బ్రేక్ ఆడియోలో మిక్స్‌డౌన్ అనే సెట్టింగ్‌ను ‘మోనో, ఎడమ మాత్రమే’ అని మారిస్తే రెండు వైపులా వస్తుంది. ఇవన్నీ క్యాసెట్ మొత్తానికి కాకుండా ముందు రెండు నిమిషాల ముక్క మీద చేసి, టీవీలో చూసుకోండి. ఎంపీ4 ఫైలుకు సూచిక చివర్లో రాస్తారు కాబట్టి, మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా మారింది కూడా తెరుచుకోదు. నేను రాత్రికి ఒక క్యాసెట్ చొప్పున చేశాను.

ఫోన్ వీడియోలు ఉంటే, ఇప్పటి ఫోన్లు కొన్ని హెచ్‌ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో తీస్తాయి, దాన్ని ఈ మీడియా ప్లేయర్ ఆడించదు. వాటినీ ఇలాగే హెచ్.264కి మార్చండి, ఫ్రేమ్ రేటును కాన్‌స్టంట్ (మారకుండా ఒకేలా) చేయండి, లేకపోతే మాట, పెదవి కలవకపోవచ్చు. వాట్సాప్‌లో వచ్చినవి వద్దు, తీసినవాళ్ల ఫోన్లోంచి అసలు ఫైలే తెప్పించుకోండి.

ఇక సర్వర్. నేను యూనివర్సల్ మీడియా సర్వర్ వాడాను. ఇన్‌స్టాల్ చేసి వీడియోలున్న ఫోల్డర్ చూపిస్తే సరి. పీఎస్4లో మీడియా ప్లేయర్ యాప్‌ను స్టోర్ నుంచి ఉచితంగా దించుకుని తెరిస్తే సర్వర్ పేరు కనిపిస్తుంది. కనిపించకపోతే, రెండూ ఒకే రూటర్‌లో ఉన్నాయా, విండోస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా చూడండి. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా సెట్టింగ్ మార్చండి. పీఎస్5లో ఈ యాప్ లేదు, అక్కడ ప్లెక్స్ అనే ఇంకో యాప్ పెట్టుకోవాలి. ఫైళ్లకు 01 నలుగు, 02 ముహూర్తం అని అంకెలతో పేర్లు పెడితే వరుస తప్పదు.

మార్చడం అయిపోయిందని ఆ 78 జీబీ అసలు ఫైళ్లను తుడిచేయలేదు. ఒక హార్డ్ డిస్క్ మా దగ్గరుంది, ఇంకొకటి ప్రొద్దుటూరులో చిన్నాయన బీరువాలో ఉంది.