వ్యాక్సిన్‌లో కొవ్వు కలుపుతారట కదా? అని ఇంట్లో అడిగితే ఎలా చెప్పాలి

నేను కెమిస్ట్రీ టీచర్ని. ఆ పాపానికి, ఇంట్లో ఎవరి ఫోన్‌కి ఏ మెసేజ్ వచ్చినా విచారణ నా దగ్గరే. మొన్న మా పిన్ని ఒకటి చూపించింది: "క్యాన్సర్‌కి టీకా వచ్చేసింది, అందులో కొవ్వు ఉంటుంది, రక్తనాళాల్లో పేరుకుపోతుంది." కొంత నిజం, చాలా భయం. ఇలాంటిది మీ దగ్గరికి వస్తే ఏం చేయాలో చెప్తాను.

కొవ్వు సంగతి తర్వాత, ముందు ఒక ప్రశ్న అడగండి. ఏ క్యాన్సర్‌కి, రాకముందు వేసేదా, వచ్చాక వేసేదా? సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది. 2006లో వచ్చిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) టీకా, అంతకుముందే ఉన్న హెపటైటిస్ బి టీకా రాకముందు వేసేవి. క్యాన్సర్‌కి దారితీసే వైరస్‌ను అవి ఆపుతాయి. ఉన్న గడ్డను కరిగించవు. హెచ్‌పీవీ టీకాలో ఉండేది వైరస్ పైతొడుగు ప్రోటీనే, ఎంఆర్ఎన్ఏ (ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే సందేశం లాంటి అణువు) ఉండదు. అది వేయించుకున్నా స్క్రీనింగ్ మానకూడదు. వచ్చాక ఇచ్చేవి వేరు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద పరీక్షిస్తున్న ఒక ఎంఆర్ఎన్ఏ టీకాలో ఆ రోగి గడ్డలోని మార్పుల్ని చూసి 34 వరకు గుర్తులు ఎంచుకుంటారు. అంటే ఒకరి టీకా ఇంకొకరికి పనికిరాదు. మెసేజ్‌లో చెప్పిన కొవ్వు ఈ రకానిది.

ఇప్పుడు గాజు గ్లాసు తీసుకోండి. సగం నీళ్లు, ఒక చెంచా నూనె వేసి కలపండి. నిమిషంలో నూనె పైకి తేలుతుంది. అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి గట్టిగా ఊపితే తెల్లగా పాలలా మారుతుంది. ఆ లిక్విడ్ అణువుకి నీళ్లంటే ఇష్టపడే తల, నూనెంటే ఇష్టపడే తోక ఉంటాయి. మన కణాల పై పొరలూ ఇలాంటి తల-తోక అణువులే. ఇక్కడ నేనొక తప్పు చేశాను: "సబ్బులాగే" అన్నాను. "అయితే సూదిలో సబ్బు ఎక్కిస్తారా?" అంది పిన్ని. ఆ మాట వాడకండి. సబ్బు కణం పొరను చీల్చేస్తుంది, టీకాలోని లిపిడ్ల (కొవ్వు రకం అణువుల) పని అది కాదు.

ఎంఆర్ఎన్ఏకి నెగటివ్ చార్జీ, పైగా అది చాలా సున్నితం. ఒంటరిగా పంపితే దారిలోనే ముక్కలైపోతుంది. అందుకే నాలుగు రకాల లిపిడ్లతో, సుమారు 100 నానోమీటర్ల గోళీలో దాస్తారు. అందులో నాకు ముద్దొచ్చేది అయనైజబుల్ లిపిడ్. రక్తంలో పీహెచ్ 7.4 దగ్గర దానికి దాదాపు చార్జీ ఉండదు, బుద్ధిగా ఉంటుంది. కణం ఆ గోళీని ఒక చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. సంచిలో ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 6 కంటే దిగగానే, ఆ లిపిడ్ ప్రోటాన్‌ను పట్టుకుని పాజిటివ్ అవుతుంది. సంచి గోడలోని నెగటివ్ లిపిడ్లకు అతుక్కుంటుంది, గోడ చిరిగి ఎంఆర్ఎన్ఏ బయటపడుతుంది. నిజానికి కొద్ది భాగమే అలా తప్పించుకుంటుంది, మిగతాది సంచిలోనే నాశనం. బయటపడింది కూడా కేంద్రకంలోకి వెళ్లదు, కొద్ది రోజుల్లో విరిగిపోతుంది. డీఎన్ఏ మారిపోతుందనే టెన్షన్‌కి ఇదే జవాబు.

ఇక పేరుకుపోవడం. దీనికి లెక్క చూపించండి. ఇదే ఎంఆర్ఎన్ఏ పద్ధతిలో చేసిన ఫైజర్ కోవిడ్ టీకా పెద్దల డోసులో, ఆ నాలుగు లిపిడ్లలో ఒకటైన కొలెస్ట్రాల్ 0.2 మిల్లీగ్రాములు. మన ఒళ్లు రోజూ సొంతంగా తయారుచేసేది వందల మిల్లీగ్రాములు. క్యాన్సర్ టీకా డోసులో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది, అయినా ఆ వందల పక్కన చిన్నదే.

అలాగని "ఏమీ కాదు" అని మాత్రం చెప్పకండి. జ్వరం, చెయ్యి నొప్పి మామూలే, అలర్జీ అరుదుగా వస్తుంది. జ్వరమొచ్చిన రోజున మీ మాట మీద నమ్మకం పోకూడదు కదా.

అంతా విని పిన్ని గ్లాసు వంక చూసింది. "సరేలే, ఇది ఎవరు కడుగుతారు?"