ఇ-ఇంక్ రీడర్ కొన్నాక కూడా ఫోన్‌లోనే చదువుతున్నారా? ముందు మీ పీడీఎఫ్ చూసుకోండి

ఫోన్ తగ్గిద్దామని కిండిల్ లాంటి రీడర్ (కాగితంలా కనిపించే ఇ-ఇంక్ తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరం) కొని, నెల తిరక్కుండానే బీరువాలో పడేసినవాళ్లు విశాఖలో నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. వాళ్ల రీడర్లు తీసుకుని సెట్ చేసి ఇవ్వడం నాకు అలవాటైపోయింది. ఎక్కువసార్లు మెషీన్ బాగానే ఉంటుంది, తేడా అంతా అందులో వేసిన పుస్తకంలోనే.

సమస్య: పేజీ తిరగట్లేదు, పాత అక్షరాల నీడ మిగులుతోంది

రీస్టార్ట్ చేశారా? పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలేస్తే అది నిద్రపోతుంది, అంతే. కిండిల్ అయితే 40 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఈ ఒక్కటి చేయకుండా నా దగ్గరకి తెచ్చేవాళ్లే ఎక్కువ. నీడ సంగతంటారా, ఈ తెరలో నల్లవీ తెల్లవీ రేణువులు జరిగి అక్షరం అవుతాయి, పూర్తిగా జరగకపోతే పాత పేజీ మసగ్గా మిగులుతుంది. సెట్టింగ్స్‌లో పేజ్ రిఫ్రెష్ ఆన్ చేయండి. పేజీ తిప్పినప్పుడల్లా ఒక్క క్షణం నల్లగా మెరుస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

సమస్య: ఛార్జింగ్ రెండు రోజులకే అయిపోతోంది

వైఫై ఆపండి, లైట్ తగ్గించండి. తెరకి పేజీ మారినప్పుడే కరెంటు కావాలి, మిగతాదంతా ఆ రెండే తాగుతాయి. ఆర్‌కే బీచ్‌లో పొద్దున్న ఎండలో కూర్చుని చదివేవాళ్లకి లైట్ అసలు అక్కర్లేదు, వెలుగు పడేకొద్దీ అక్షరం ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకేసారి బోలెడు పుస్తకాలు ఎక్కించి ఉంటే అది లోపల ఇండెక్సింగ్ (వెతికితే దొరికేలా పుస్తకాల్లోని మాటల పట్టిక) చేసుకుంటూ ఉంటుంది, ఛార్జర్‌కి పెట్టి ఒక రాత్రి వదిలేయండి.

సమస్య: తెలుగు పుస్తకం తెరిస్తే పిచ్చి అక్షరాలు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఎంవీపీ కాలనీలో ఉండే మా మావయ్యకి ఫోన్‌లో చదివి చదివి కళ్లు మండుతుంటే రీడర్ కొనిపించి, తెలుగు పీడీఎఫ్‌లన్నీ ఈపబ్‌గా (అక్షరం సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకంగా) కన్వర్ట్ చేసి ఎక్కించి ఇచ్చాను. సాయంత్రానికే ఫోన్. "ఏరా, ఇది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు, ఏం చదవమంటావురా?" వెళ్లి చూస్తే పేజీ నిండా కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో డాలర్ గుర్తులు. రెండుసార్లు రీసెట్ చేశాను, ఫాంట్లు మార్చాను, ఆదివారమంతా అన్నీ మళ్లీ ఎక్కించాను. ఏం మారలేదు. అదే ఫైలు మావయ్య ఫోన్‌లో ముత్యాల్లా కనిపిస్తోంది, అందుకే ఇద్దరం రీడర్‌దే తప్పనుకున్నాం.

జరిగేది ఇది. యూనికోడ్ (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి) వాడుకలోకి రాకముందు డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కూర్చే పని) చేసినవాళ్లు అను లాంటి ఫాంట్లు వాడేవారు, ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టి ఉంటాయి. పీడీఎఫ్‌లో ఆ ఫాంటు కూడా కలిసే ఉంటుంది కాబట్టి ఫోన్‌లో తెరిస్తే తెలుగే కనిపిస్తుంది. కన్వర్ట్ చేయగానే ఆ ఫాంటు ఊడిపోయి, అడుగునున్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి.

అందుకని ఎక్కించే ముందే కంప్యూటర్‌లో పీడీఎఫ్ తెరిచి ఒక్క లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. అర నిమిషం పని, దయచేసి దీన్ని మానకండి. తెలుగే వచ్చిందా, కన్వర్ట్ చేయొచ్చు, గుణింతాలు చెదిరాయేమో మాత్రం చూసుకోండి. ఇంగ్లీషు చెత్త వచ్చిందా, పాత ఫాంటు. అసలు సెలెక్టే అవ్వట్లేదా, స్కాన్ చేసిన బొమ్మ, ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో దొరికే పాత పుస్తకాలు చాలావరకు ఇవే.

చివరి రెండు రకాలకీ కన్వర్ట్ జోలికి పోవద్దు. కే2పీడీఎఫ్ఆప్ట్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, అది పేజీని బొమ్మగానే చూసి, మాటల్ని ముక్కలుగా కోసి చిన్న తెరకి సరిపడా మళ్లీ పేరుస్తుంది, భాషతో దానికి పనిలేదు. మొత్తం పుస్తకం మీద వదలకుండా ముందు రెండు మూడు పేజీలకి చేసి చూడండి, ఎందుకంటే మన కింది వత్తుల్ని అది ఒక్కోసారి వేరే లైననుకుని కోసేస్తుంది. అలా అయితే అంచులు మాత్రం కత్తిరించమని చెప్పి, రీడర్‌ని అడ్డంగా తిప్పి చదవండి. మావయ్యకి చివరికి కుదిరింది ఇదే. కాపీరైట్ తీరిన పుస్తకమైతే ముందు తెలుగు వికీసోర్స్‌లో వెతకండి, అక్కడ ఈపబ్‌గా దించుకోవచ్చు, అక్షరం ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు.

సమస్య: రీడర్‌లోనూ వాట్సాప్ చూస్తూ కూర్చుంటున్నారు

ఆండ్రాయిడ్ ఉన్న రీడర్ కొన్నారన్నమాట. చదివే యాప్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేయండి.

మిగతావి అరుదు. అక్షరాల బదులు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే యూనికోడ్ తెలుగు ఫాంటు వేయండి. ఛార్జ్ ఎక్కకపోతే ముందు కేబుల్ మార్చండి, సముద్రగాలికి పిన్నులు పచ్చబడి ఉంటాయి. తెర మీద కదలని గీతలుంటే లోపల ప్యానెల్ పగిలింది, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కే తోపులాటలో బ్యాగు నలిగినా చాలు. దానికి రిపేరు లేదు, తెర మార్చడమే.