‘సార్జెంట్ పెప్పర్’ మీద వాదనకు దిగేముందు ఆ ఆల్బమ్‌ని ఎలా వినాలి?

బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ అభిమానులు ఇద్దరు ఒకచోట కూర్చుంటే కాఫీ చల్లారేలోపే ఈ గొడవ మొదలవుతుంది. 1967లో వచ్చిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ నిజంగా అంత గొప్ప ఆల్బమా, లేక కాలం కలిసొచ్చి పేరు కొట్టేసిందా? ఒకాయన దాన్ని మించింది ఇంతవరకూ రాలేదంటాడు. ఇంకొకాయన అట్ట బాగుంది గానీ లోపల సరుకేదీ అంటాడు. దాన్ని మొదట్నుంచి చివరిదాకా విని ఎన్నేళ్లయిందని మాత్రం ఇద్దరినీ అడక్కండి.

ఈ వాదనలో నేను చాలాసార్లు ఓడిపోయాను. ప్రతిసారీ తప్పు నాదే. పాటలు బాగున్నాయా, రికార్డింగ్ బాగుందా, లోకం మీద దాని ప్రభావం ఎంత అనే ప్రశ్నలన్నీ ఒకే మూటలో కట్టి ఎదుటివాడి మీద పడేసేవాడిని. ఇప్పుడు కాస్త పద్ధతిగా వెళ్తున్నాను. ఒక సాయంత్రం ఖాళీ చేసుకుంటే చాలు.

1. ముందు ఏ మిక్స్ వింటున్నారో చూసుకోండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే, సగం గొడవలకు మూలం కూడా ఇదే. మిక్స్ అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతులనీ వాద్యాలనీ ఏది ఎంత వినిపించాలో చూసి కలపడం. ఈ ఆల్బమ్‌కి మోనో (అంతా ఒకే స్పీకరులోంచి), స్టీరియో (ఎడమ, కుడి వేర్వేరుగా) అని రెండు వేర్వేరు మిక్స్‌లు ఉన్నాయి. 1967 నాటికి బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్లలో ఉన్నవి ఒకే స్పీకరు ఉన్న రికార్డు ప్లేయర్లు. అందుకే బీటిల్స్ దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్సే. స్టీరియోని నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ తర్వాత కొద్ది రోజుల్లో ముగించారు. మనలో చాలామంది విన్నది మాత్రం ఆ స్టీరియోనే.

తేడా ఎంతంటే, ‘షి ఈజ్ లీవింగ్ హోమ్’ స్టీరియోలో నీరసంగా సాగుతుంది. మోనోలో అదే పాట కాస్త వేగంగా, దాదాపు అర స్వరం పైశ్రుతిలో నడుస్తుంది. స్టీరియో విన్నవాడు ఏడుపు పాట అంటాడు, మోనో విన్నవాడు అందులో ఏడుపేముంది అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

నా అనుభవం ఒకటి. ఒకసారి సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ రైల్లో మిత్రుడికి ‘ఎ డే ఇన్ ద లైఫ్’ వినిపించాను. ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో, ఇంకొకటి వాడి చెవిలో. అర నిమిషం విని, “ఏంట్రా, పాడేవాడు పక్క బోగీలో ఉన్నట్టున్నాడు?” అన్నాడు. ఆ స్టీరియోలో మొదట గిటార్ ఒకవైపు, బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ గొంతు ఇంకోవైపు ఉంటాయి. గొంతు తర్వాత మెల్లగా రెండో వైపుకి జరుగుతుంది. వాడికి దక్కింది గిటార్ మాత్రమే. ఆ రోజు నుంచి వాడి దృష్టిలో ఇది పాడేవాడు లేని పాట.

మోనో దొరికితే మోనో వినండి. లేదంటే 50 ఏళ్ల సందర్భంగా 2017లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చేసిన కొత్త స్టీరియో వినండి. పాత మోనోని దగ్గర పెట్టుకుని చేసిన మిక్స్ అది. ఏది విన్నా రెండు చెవులతో వినండి.

2. ఆపకుండా, వరసగా

మొత్తం 13 పాటలు, దాదాపు 40 నిమిషాలు. ఎల్పీ రికార్డులో మొదటి వైపు 7, రెండో వైపు 6. షఫుల్ పెట్టకండి. పాటల మధ్య మామూలుగా ఉండే ఖాళీని కావాలనే తీసేసి, ఒకదాని మీదికి ఇంకొకటి వచ్చేలా పేర్చారు. ఏడో పాట అయ్యాక లేచి మంచినీళ్లు తాగి రండి. రికార్డు తిప్పడానికి అప్పటివాళ్లు లేచింది కూడా అక్కడే.

3. పాట వేరు, రికార్డు వేరు

ఇప్పుడు ప్రతి పాటకీ ఒక పరీక్ష పెట్టండి. ఒక్క గిటారో, హార్మోనియమో పట్టుకుని పాడితే ఇది నిలబడుతుందా? ‘వెన్ ఐయామ్ సిక్స్‌టీ ఫోర్’ నిలబడుతుంది. ఇంకో బీటిల్ పాల్ మెకార్ట్నీ దాన్ని టీనేజ్‌లోనే కట్టాడు. ‘బీయింగ్ ఫర్ ద బెనిఫిట్ ఆఫ్ మిస్టర్ కైట్’ నిలబడదు. లెనన్ ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్న 1843 నాటి సర్కస్ పోస్టరులోని మాటలే చాలావరకు ఆ పాట సాహిత్యం. వరస కూడా సాదాసీదాదే.

కానీ ఆ పాటలో సర్కస్ డేరా వాసన వస్తుంది. ఆవిరితో పలికే పాత ఆర్గన్ల టేపులు తెప్పించి, ముక్కలుగా కోయించి, గాల్లోకి ఎగరేసి, ఎలా పడితే అలా అతికించమన్నాడు మార్టిన్. కాబట్టి పాటగా తక్కువ మార్కులు, రికార్డుగా ఎక్కువ మార్కులు. వాదనలో ఈ రెంటినీ విడదీసి చెబితే సగం వేడి అక్కడే తగ్గుతుంది.

రికార్డింగ్‌కి మార్కులు వేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. లండన్ అబే రోడ్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో వాళ్ల దగ్గరున్నవి నాలుగు ట్రాకుల, అంటే శబ్దాన్ని నాలుగు వరసల్లో విడివిడిగా పట్టే టేపు యంత్రాలు. నాలుగూ నిండిపోతే వాటిని కలిపి ఇంకో టేపు మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి కుదించి, ఖాళీ అయిన ట్రాకుల్లో మళ్లీ వాయించేవాళ్లు. పప్పులో ఉప్పు వేసి కలిపేసినట్టే, ఒకసారి కుదించాక డ్రమ్స్ కొంచెం తగ్గిద్దాం అంటే కుదరదు. 1966 నవంబర్ నుంచి 1967 ఏప్రిల్ దాకా ఈ కుదింపు లెక్కలతోనే గడిచింది. మెకార్ట్నీ చాలా పాటల్లో బేస్ గిటార్‌ని అన్నీ అయ్యాక, చివర్లో విడిగా వాయించాడు. ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’లో బేస్ ఒక్కటే పట్టుకుని వినండి, అది ఇంకో పాట పాడుతుంటుంది.

4. దాటేసే పాట దగ్గర ఆగండి

రెండో వైపు మొదటి పాట ‘వితిన్ యు వితౌట్ యు’. విదేశీ అభిమానుల్లో చాలామంది దీన్ని స్కిప్ చేస్తామని ధైర్యంగా ఒప్పుకుంటారు. ఇక్కడ తెలుగు శ్రోతకి ఒక వెసులుబాటు ఉంది.

బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ 1966 సెప్టెంబర్‌లో బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకుని వెళ్లాక కట్టిన పాట ఇది. మిగతా ముగ్గురు బీటిల్స్ ఇందులో లేరు. దిల్రుబా (కమానుతో వాయించే తంత్రీ వాద్యం), తబలా, తంబూరా, స్వరమండల్ వాయించింది లండన్‌లో ఉంటున్న భారతీయ కళాకారులు. వాళ్లతోపాటు 8 వయొలిన్లు, 3 చెల్లోలు. స్వరాలు హిందుస్తానీ ఖమాజ్ థాట్‌వి, అంటే కర్ణాటక సంగీతంలో మన హరికాంభోజి రాగానివి. మధ్యలో వాద్యాలు మాత్రమే సాగే చోట తాళం పదహారు మాత్రల తీన్‌తాల్ వదిలి పది మాత్రల ఝప్‌తాల్‌లోకి మారుతుంది. ఐదు మాత్రల ఖండచాపు అలవాటున్న చెయ్యి అక్కడ దానంతటదే తొడ మీద తాళం వేస్తుంది.

ఇది కచేరీ స్థాయి సంగీతం అని నేననను. రాగ విస్తారం ఆశిస్తే నిరాశే. కానీ దిల్రుబా గమకాల వెంట పాశ్చాత్య వయొలిన్లు జారుతూ రావడం వినండి. మార్టిన్ వాళ్లచేత ఆ జారుడు పలికించడానికి ఎంత తంటాలు పడి ఉంటాడో తెలుస్తుంది. అది విన్నాక కూడా స్కిప్ చేస్తే మీ ఇష్టం.

5. కథ ఉందా లేదా అన్న గొడవలోకి పోకండి

దీన్ని కాన్సెప్ట్ ఆల్బమ్, అంటే ఒకే ఊహ చుట్టూ అల్లిన ఆల్బమ్ అంటారు. బీటిల్స్ వేసిన ‘సార్జెంట్ పెప్పర్’ అనే ఊహా బ్యాండు వేషం మొదటి రెండు పాటల్లో ఉంది, చివర్లో ఇంకోసారి వస్తుంది, అంతే. తన పాటలకీ ఆ ఊహకీ సంబంధం లేదని లెనన్ స్వయంగా చెప్పేశాడు. ఈ పాయింటు ఎదుటివాళ్లకి ఇచ్చేయండి, మీకు పోయేదేం లేదు.

6. చివరి పాటకి లైట్లు ఆర్పండి

‘ఎ డే ఇన్ ద లైఫ్’లో లెనన్ భాగానికీ మెకార్ట్నీ భాగానికీ మధ్య 24 బార్ల (తాళం ఆవర్తాల) ఖాళీ మిగిలింది. అక్కడ ఏం పెట్టాలో తెలియక సహాయకుడు మాల్ ఇవాన్స్ చేత ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టించి, చివర్లో అలారం గడియారం మోగించారు. జాగ్రత్తగా వింటే ఆ లెక్క ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాతి భాగం నిద్ర లేవడంతోనే మొదలవుతుంది కాబట్టి అలారం కూడా ఉండిపోయింది.

1967 ఫిబ్రవరి 10న ఆ ఖాళీలోకి 40 మంది ఆర్కెస్ట్రా వచ్చింది. ప్రతి వాద్యం తన కింది స్వరంతో మొదలై 24 బార్లలో పైకి చేరాలి. పక్కవాడిని వినకండి, ఎవరి దారిన వాళ్లు ఎక్కండి అన్నది మార్టిన్ సూచన. జీవితమంతా పక్కవాడితో కలిసి వాయించడమే నేర్చుకున్న మనుషులకి చెప్పిన మాట అది! పైగా ఆ రోజు వాళ్లకి పెట్టుడు ముక్కులు తగిలించారు. ఒక వయొలిన్ కళాకారుడి చేతికి గొరిల్లా పంజా.

ఆఖరున మూడు పియానోల మీద ఒకేసారి కొట్టిన ఇ మేజర్ కార్డ్ (కలిపి పలికే స్వరాల గుత్తి) 40 సెకన్లకు పైగా నిలుస్తుంది. మోత తగ్గేకొద్దీ ఎమెరిక్ మైకుల వాల్యూమ్ పెంచుతూ పోయాడు. చివర్లో ఎవరిదో కుర్చీ కిర్రుమనడం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యాన్ ఆపి మళ్లీ వినండి.

7. ఇప్పుడు పక్కన వేరేవి పెట్టండి

1966 మేలో వచ్చిన అమెరికన్ బృందం బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ ఒకటి. అది లేకపోతే పెప్పర్ లేదని మార్టినే అన్నాడు. 1966 ఆగస్టులో వచ్చిన బీటిల్స్ ‘రివాల్వర్’ ఇంకొకటి. వీటి తర్వాత ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’, ‘పెన్నీ లేన్’ వినండి. పెప్పర్ కోసం మొదలెట్టిన రోజుల్లోనే రికార్డు చేసి, 1967 ఫిబ్రవరిలో సింగిల్‌గా (విడి రికార్డుగా) ఇచ్చేసి, ఆల్బమ్‌లో పెట్టలేదు. ఆ పని తన వృత్తిలోనే పెద్ద తప్పని మార్టిన్ తర్వాత బాధపడ్డాడు. ‘గుడ్ మార్నింగ్ గుడ్ మార్నింగ్’ తీసి ఆ రెండూ పెట్టి చూడండి. నేను పెట్టి చూశాను, వాదన అక్కడితో అయిపోతుంది.

పత్రికల జాబితాలు మాత్రం తీసుకురాకండి. ‘రోలింగ్ స్టోన్’ 500 ఆల్బమ్‌ల జాబితాలో పెప్పర్‌ది 2003లో 1వ స్థానం, 2020లో 24వ స్థానం. ఈ మధ్యలో రికార్డులో ఒక్క స్వరం కూడా మారలేదు. వచ్చిన కొత్తలోనే ‘న్యూయార్క్ టైమ్స్’లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ దీన్ని చెండాడాడు కూడా.

నా లెక్క అడిగితే, పాటల్లో రివాల్వర్ ఒక మెట్టు పైన, రికార్డుగా పెప్పర్ పైన. మా రైలు మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం భోజనానికి వస్తున్నాడు. ఈసారి స్పీకర్లు సర్ది, మోనో పెట్టి ఉంచాను.