మూడో కుండీలో మొదటి కాయ

పొద్దున లేవగానే మూడో కుండీ దగ్గర గొంతుకూర్చుని ఆకులు పక్కకి తీసి చూస్తాను. అక్కడొక టమాటా కాయ ఉంది. ఈ కాపులో మొదటిది. నిమ్మకాయంత అయ్యి పది రోజులైంది, ఇంకా పచ్చగానే ఉంది. చూసి చూసి లేచి వచ్చేస్తాను.

ఇక్కడిదాకా రావడానికి నేనేం చేస్తానో చెప్తాను. విత్తనాన్ని అర సెంటీమీటరు లోతులో వేసి, పైన మట్టి తడి ఆరకుండా చూస్తే చాలు, వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తుంది. మొలిచిన రోజు నుంచే వెలుతురు కావాలి. నీడలో ఉంచితే నారు సన్నగా సాగి వాలిపోతుంది.

అన్నిటికన్నా నేను శ్రద్ధగా చేసేది నారు మార్చి నాటడం. జానెడు ఎత్తు వచ్చాక కింది ఆకులు గిల్లేసి, కాండం సగానికి పైగా మట్టిలోకి పోయేలా లోతుగా పాతుతాను. వంగ, మిరప నాటిన చేతికి ఇది తప్పుగా తోస్తుంది, కానీ టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేర్లు పుడతాయి. అన్ని వేర్లున్న మొక్క ఎండకి తొందరగా వడలదు. కుండీ కనీసం 15 లీటర్లది, అడుగున రంధ్రాలున్నది కావాలి. ఊతకర్ర ఆ రోజే గుచ్చెయ్యాలి, తర్వాత గుచ్చితే వేర్లు తెగుతాయి. రోజుకి ఆరు గంటల ఎండ తగలని చోట టమాటా పెట్టొద్దు.

పూత వచ్చాక మొక్క ఏపుగా ఉండి పిందె పడకపోతే చాలామంది ఎరువు పెంచుతారు. నత్రజని ఎక్కువైతే ఆకే వస్తుంది. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, కాకపోతే పుప్పొడి రాలడానికి కాస్త కదలిక కావాలి. గాలి, తుమ్మెదలు ఆ పని చేస్తాయి. అవి అంతగా రాని చోట పొద్దెక్కాక పూలగుత్తి కాడని వేలితో నాలుగుసార్లు మెల్లగా తట్టండి. బాగా ఎండలు ముదిరి రాత్రుళ్లు కూడా వేడిగా ఉంటే మాత్రం పూత రాలుతుంది, అది మీ తప్పు కాదు.

నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. పోయినేడు నా మొదటి ఆరు కాయలకీ అడుగున నల్లటి మచ్చ వచ్చి కుళ్లాయి. ఏదో తెగులనుకుని మందు కొట్టాను. కారణం నీళ్లే. మూడు రోజులు ఎండగట్టి, నాలుగో రోజు కుండీ నిండా పోసేదాన్ని. మట్టిలో కాల్షియం ఉన్నా నీటితో పాటే కాయకి చేరాలి కదా, నీళ్లు ఆగితే అదీ ఆగుతుంది. ఇప్పుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూసి, పొడిగా ఉంటేనే మొక్క మొదలు దగ్గర పోస్తున్నాను. ఆకులు తడపను. మట్టి మీద ఎండుటాకులు పరిచాను. ఈసారి ఇప్పటిదాకా ఒక్క కాయకీ మచ్చ లేదు.

కాయ పూర్తి సైజుకి వచ్చాక తొందరపెట్టడానికి ఏమీ లేదు. ఎండ నేరుగా తగిలితే పండుతుందని ఆకులన్నీ తీసేస్తారు కొందరు, దాంతో కాయ మీద తెల్లటి బొబ్బల్లా మచ్చలు పడతాయి. పండించేది వెచ్చదనం, కాయలోనే పుట్టే ఎథిలిన్ వాయువు. 20 నుంచి 25 డిగ్రీల మధ్య రంగు బాగా వస్తుంది. 30 దాటితే ఎరుపు సరిగా పట్టదు. అందుకే ఎండల్లో దోరగా ఉన్నప్పుడే కోసి ఇంట్లో నీడన పెట్టేస్తాను, అక్కడ చక్కగా పండుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టను, వాసన పోతుంది.

రంగు తిరగడం అడుగు నుంచి మొదలవుతుంది, కాబట్టి తొడిమ వైపు చూస్తూ కూర్చుంటే తెలియదు. నిన్న నా కాయ ముదురాకుపచ్చగా ఉంది. ఈ పొద్దున కిందికి వంగి చూశాను. అడుగున పచ్చదనం పలచబడి తెల్లగా కనిపించింది.