డీడీఎన్‌ఎస్ పెట్టినా బయటి నుంచి కెమెరా రావడం లేదా? ఇక్కడి నుంచి వెతకండి

ఇందుకూరుపేట మండలంలో మా నాయన రెండు రొయ్యల చెరువులు చూసుకుంటాడు, నేను ఉద్యోగం మీద హైదరాబాదులో ఉంటాను. గట్టు మీద మోటారు షెడ్డులో ఒక రౌటర్, కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్ ఒకటి, నాలుగు కెమెరాలు. రాత్రిపూట కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ చక్రాలు ఆగిపోతాయి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ, ఇక కొన్ని గంటల్లో పంట మొత్తం పోతుంది. పోయినేడు ఒక రాత్రి రెండింటప్పుడు నాయన ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, జరంగా ఉంది, లేవలేకపోతన్నా, చక్రాలు తిరగతన్నాయో లేదో నువ్వు చూడు" అన్నాడు. యాప్ తెరిస్తే లోడింగ్ దగ్గరే ఆగిపోయింది. పక్క చెరువాయన్ని నిద్రలేపి పంపించేదాకా, ఆ అరగంట నేను పడిన టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఆ తర్వాత రెండు రోజులు డీడీఎన్‌ఎస్ ఖాతా తీసేసి మళ్లీ పెట్టాను, పాస్‌వర్డ్ మార్చాను, వేరే కంపెనీకి కూడా మారాను. తప్పు అక్కడ లేనే లేదు. ఎక్కడుందో కింద చెప్తాను. ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: డీడీఎన్‌ఎస్ చేసే పని ఒక్కటే, మారిపోతుండే మీ ఐపీ అడ్రసును (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరును) ఒక పేరుకు కట్టిపెట్టి, ఐపీ మారినప్పుడల్లా ఆ పేరును సరిచేయడం. తలుపు తెరవడం దాని పని కాదు. కాబట్టి ఈ వరుసలో చూడండి: మీకు అసలు బయటి ఐపీ ఉందా, పేరు ఆ ఐపీనే చూపిస్తోందా, పోర్టు (బయటి నుంచి లోపలికి రావడానికి రౌటర్‌లో ఉండే నంబరు వేసిన తలుపు) తెరిచి ఉందా, ఆ పోర్టు సరైన పెట్టెకే వెళ్తోందా.

ఇంట్లో వైఫైలో ఉన్నప్పుడు పేరుతో రాదు

దీనికి కంగారు పడొద్దు. చాలా రౌటర్లు లోపలి నుంచి తమ బయటి అడ్రసుకే వెళ్లాలంటే ఒప్పుకోవు, దీన్నే నాట్ లూప్‌బ్యాక్ లేకపోవడం అంటారు. వైఫై ఆపేసి మొబైల్ డేటాతో చూడండి. వస్తే మీ సెట్టింగ్ బాగానే ఉంది, ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసు వాడుకోండి. ఇక్కడి నుంచి చెప్పే ప్రతి పరీక్షా మొబైల్ డేటాతోనే చేయాలి.

ఎక్కడి నుంచి ప్రయత్నించినా, ఎన్నిసార్లు ప్రయత్నించినా రాదు

నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కున్నారు. రౌటర్ పేజీలోకి వెళ్లి స్టేటస్‌లో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపు ఉన్న అడ్రసు) ఏముందో కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో గూగుల్ తెరిచి "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతకండి. 2409 లాంటి అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటిది వస్తే అది ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రసు, దాన్ని వదిలేసి పాత రకమైన ఐపీవీ4 చూపించే సైటులో చూడండి. రెండు నంబర్లూ ఒకటే అయితే మీ అదృష్టం, తర్వాతి భాగానికి వెళ్లిపోండి.

వేరువేరుగా ఉంటే వ్యాన్ ఐపీ దేనితో మొదలైందో చూడండి. 100.64 నుంచి 100.127 దాకా ఏదైనా ఉంటే మీరు సీజీనాట్ (ఒకే బయటి ఐపీని ఎందరికో పంచే కంపెనీవాళ్ల పెట్టె) వెనకాల ఉన్నారు. ఐపీవీ4లో ఉన్నవే మొత్తం సుమారు 429 కోట్ల అడ్రసులు, ఆసియా పసిఫిక్ దేశాలకు పంచిపెట్టే ఏప్నిక్ దగ్గర మామూలు పంపిణీ నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. అందుకని కంపెనీలు ఒకే బయటి ఐపీని ఎందరో కస్టమర్లకు కలిపి వాడుతున్నాయి, ఆ అవసరానికే 2012లో ఈ 100.64 వరుసను విడిగా కేటాయించారు. కొన్ని కంపెనీలు దీనికి 10తో మొదలయ్యేవి కూడా వాడతాయి. ఇలా ఉన్నప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు, ఎందుకంటే బయటి నుంచి వచ్చేది ముందు కంపెనీవాళ్ల పెట్టె దగ్గరే ఆగిపోతుంది, అది మీకు పంపాల్సిందని వాళ్ల పెట్టెకు తెలియదు. డీడీఎన్‌ఎస్ పేరు ఆ ఉమ్మడి ఐపీని చూపిస్తుంది, "పేరు పని చేస్తోంది కదా" అని మనం మోసపోతాం.

పరిష్కారాలు మూడు. మొదటిది, కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్‌ను పబ్లిక్ ఐపీ కావాలని సూటిగా అడగండి. కొందరు ఊరికే ఇస్తారు, కొందరు ఎప్పుడూ మారని స్టాటిక్ ఐపీ అని నెలకో ఏడాదికో డబ్బులు తీసుకుంటారు, స్టాటిక్ ఇస్తే మీకు డీడీఎన్‌ఎస్ అవసరమే తీరిపోతుంది. రెండోది, టెయిల్‌స్కేల్, జీరోటియర్ లాంటి, దూరంగా ఉన్న పరికరాలను కలిపే యాప్‌లు. షెడ్డులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్‌లోనో, రాస్ప్‌బెరీ పైలోనో ఒకటి, మీ ఫోన్‌లో ఒకటి వేసుకుంటే, రెండూ లోపలి నుంచి బయటికి వెళ్లి మధ్యలో కలుసుకుంటాయి కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు. నా సలహా ఇదే, పోర్టు కూడా తెరవక్కర్లేదు. మూడోది ఐపీవీ6, దాని సంగతి కింద ఉంది.

వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే కథ వేరు. ఫైబర్ వచ్చి దిగే పెట్టె కూడా రౌటర్‌లాగే పనిచేస్తోంది, దాని వెనకాల మీరు కొన్న రౌటర్ ఉంది. అంటే రెండు తలుపులు. ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రమే దాటించేలా) పెట్టమని లైన్ చూసే అబ్బాయిని అడగండి, కుదరకపోతే మొదటి పెట్టెలో పోర్టును రెండో రౌటర్‌కు, రెండో రౌటర్‌లో డీవీఆర్‌కు, రెండుచోట్లా ఫార్వర్డ్ చేయాలి, అంటే ఆ పోర్టుకు వచ్చింది లోపల ఏ అడ్రసుకు పంపాలో రాయాలి. అది చేశాక పై పరీక్ష మళ్లీ చేయండి, ఫైబర్ పెట్టె వ్యాన్ ఐపీ పైన చెప్పిన 100.64 వరుసలో ఉన్నా, 10తో మొదలైనా మళ్లీ సీజీనాటే.

నిన్నటిదాకా వచ్చింది, కరెంటు పోయి వచ్చాక ఆగింది

మన పల్లెల్లో ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. కారణాలు రెండు, రెండూ ఒకేసారి కూడా ఉండొచ్చు.

ఒకటి, పేరు పాత ఐపీ దగ్గరే ఉండిపోవడం. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌ఎస్‌లుకప్ అని కొట్టి మీ పేరు ఇస్తే ఏ ఐపీ ఉందో చెప్తుంది, దాన్ని ఇప్పటి బయటి ఐపీతో పోల్చండి. కరెంటు రాగానే డీవీఆర్ ముందు లేచి, ఫైబర్ లైటు పచ్చగా వచ్చేలోపే అప్‌డేట్ పంపబోయి, అది తప్పితే చాలాసేపటిదాకా మళ్లీ ప్రయత్నించని పెట్టెలు ఉన్నాయి. అందుకని ఆ పని డీవీఆర్‌కు వదలకండి. రౌటర్‌లో డీడీఎన్‌ఎస్ ఉంటే అక్కడ పెట్టండి, లేదంటే షెడ్డులోని చిన్న కంప్యూటర్‌లో క్రాన్ (చెప్పిన టైముకు పనిని తనంతట తానే చేసేది) పెట్టి 5 నిమిషాలకొకసారి అప్‌డేట్ పంపించండి. డక్‌డీఎన్‌ఎస్ అనే ఉచిత డీడీఎన్‌ఎస్ వాడేవాళ్లకు జవాబుగా "ఓకే" రావాలి, "కేఓ" వస్తే టోకెనో (వాళ్లిచ్చే రహస్య కోడు) పేరో తప్పుగా కొట్టారని అర్థం. నో-ఐపీ అనే ఇంకో డీడీఎన్‌ఎస్ కంపెనీలో ఉచిత ఖాతా అయితే 30 రోజులకొకసారి మెయిల్‌లో వచ్చే లింకు నొక్కి పేరును ఖరారు చేయాలి, నెలకోసారి సరిగ్గా ఆగిపోతోందంటే అదే. ఇంకొకటి: ఎన్‌ఎస్‌లుకప్‌లో 192.168 గానీ 10 గానీ కనిపిస్తే మీ రౌటర్ తన వ్యాన్ ఐపీనే పంపించేస్తోంది, అంటే పైన చెప్పిన రెండు తలుపుల జబ్బో, 10 అయితే సీజీనాటో.

రెండోది, ఆ రాత్రి నాకు జరిగింది. పేరు సరిగ్గా ఉంది, బయటి ఐపీ సరిగ్గా ఉంది, పోర్ట్ ఫార్వర్డింగ్‌లో 192.168.1.5 అని డీవీఆర్ అడ్రసు పెట్టి ఉంది. శనివారం ఊరికెళ్లి రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా తెరిస్తే, 192.168.1.5 ఎదురుగా కాపలా ఉండే ఆయన ఫోన్ పేరు ఉంది! కరెంటు వచ్చాక ఆయన ఫోన్ ముందు కలిసి ఆ నంబరు తీసుకుంది, డీవీఆర్‌కు 192.168.1.7 వచ్చింది. నేను హైదరాబాదు నుంచి చేసిన ప్రతి ప్రయత్నమూ మంచం మీద ఉన్న ఆయన ఫోన్ దగ్గరికి వెళ్లింది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట డీవీఆర్ మ్యాక్ అడ్రసు (ఆ పెట్టెకు కంపెనీ వేసిన మారని గుర్తింపు నంబరు) కొట్టి 192.168.1.5ను దానికే రాసిచ్చేశాను. రెండు నిమిషాల పని, పోర్టు తెరిచిన రోజే చేయాల్సింది.

పేరు, ఐపీ సరిగ్గానే ఉన్నాయి, అయినా పోర్టు మూసి ఉందంటోంది

పోర్టులో డేటా పంపే పద్ధతి టీసీపీయా యూడీపీయా సరిచూడండి, తెలియకపోతే రెండూ ఎంచుకోండి. 80 లాంటి పోర్టులను కొన్ని కంపెనీలు ఇళ్ల కనెక్షన్లలో ఆపేస్తాయి, బయటి వైపు 40000 పైన ఏదో ఒక నంబరు పెట్టి లోపలి వైపు అసలు నంబరు ఉంచండి. డీవీఆర్‌లో గేట్‌వే (రౌటర్ లోపలి అడ్రసు రాసే చోటు) ఖాళీగా ఉన్నా ఇలాగే ఉంటుంది: ఇంట్లో వస్తుంది, బయటికి మాత్రం జవాబు వెళ్లదు.

ఒక ఫోన్‌లో వస్తుంది, ఇంకో ఫోన్‌లో రాదు

రెండు సిమ్‌లు వేరు కంపెనీలవైతే ఐపీవీ6 మీద అనుమానం పెట్టుకోండి. మీ పేరుకు ఐపీవీ6 రికార్డు కూడా ఉంటే కొన్ని ఫోన్లు ముందు అటే వెళ్తాయి. ఐపీవీ6లో ఫార్వర్డింగ్ ఉండదు, ప్రతి పరికరానికీ సొంత అడ్రసు ఉంటుంది, కాబట్టి ఆ రికార్డులో రౌటర్ అడ్రసు కాదు, డీవీఆర్ అడ్రసే ఉండాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో దానికి అనుమతి కూడా ఇవ్వాలి. మీ డీవీఆర్‌కు ఐపీవీ6 రాకపోతే ఆ రికార్డు తీసేయండి.

అంతా పనిచేస్తోంది, ఇంకేం చేయాలి?

ఆ పోర్టు మూసేయండి. నిజంగానే చెప్తున్నాను. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లను లక్షల్లో పట్టుకుని, అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ (వెబ్‌సైటు పేర్లను ఐపీలుగా మార్చిపెట్టేది) మీదకు తోలింది. డైనమిక్ డీఎన్‌ఎస్‌ను జనానికి అలవాటు చేసిన కంపెనీల్లో అదొకటి. ఆ రోజు ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కూడా గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. డీవీఆర్‌ను నేరుగా బయట పెట్టకుండా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టుకుని దాని యూడీపీ పోర్టు ఒక్కటే తెరవండి, మామూలుగా 51820. దాంట్లో ఒక చిక్కు ఉంది: వైర్‌గార్డ్ పేరును ఐపీగా మార్చుకునేది మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారే. ఇంట్లో ఐపీ మారితే పాత ఐపీకే పంపుతూ ఉంటుంది, ఆన్‌లోనే కనిపిస్తుంది కానీ ఏమీ రాదు. ఫోన్‌లో ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది.

మా షెడ్డులో ఇప్పుడు రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ చిన్న యూపీఎస్ పెట్టాం. పక్కనే ఒక అట్టముక్క మేకుకు తగిలించి, దాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో రాశాను: "ఫైబర్ లైటు పచ్చగా ఉందా? డీవీఆర్ లైటు వెలుగుతోందా? స్క్రీన్ మీద చివరి నంబరు 5 ఉందా?" ఫోన్ చేస్తే నాయన కళ్లజోడు పెట్టుకుని ఆ మూడూ వరుసగా చదివి చెప్తాడు.